వైద్యుల విదేశీవలస – ప్రజారోగ్యవిధానం: కృష్ణాజిల్లా మెట్టప్రాంతం దృష్ట్యా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

వైద్యుల విదేశీవలసను మన ప్రజారోగ్యచర్చ ప్రధానంగా రెండు కోణాల్లో చూస్తోంది. దేశానికి కలిగిన మేధోనష్టం మొదటిది, ప్రవాసుల ధనంవల్ల సమకూరే లాభం రెండవది. రెండు వాదాలూ దేశాన్నో జిల్లానో ఒకే ముద్దగా లెక్కిస్తున్నందువల్ల వలసభారం వాస్తవంగా ఏ ప్రాంతంమీద పడుతున్నదో చెప్పలేకపోతున్నాయి. పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి చెందిన నందిగామ, జగ్గయ్యపేటల దృష్టినుంచి ఈ లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికాలో 1994నుంచి అమలులో ఉన్న కాన్రాడ్ కార్యక్రమంతో మన విధానాన్ని పోల్చి, వలసను ఎలా ఆపాలన్న ప్రశ్నకంటే కొరతను ఏ స్థాయిలో కొలవాలన్న ప్రశ్న ముందు రావాలని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైద్యవలస, ప్రజారోగ్యవిధానం, మెట్టప్రాంతం, నందిగామ, జగ్గయ్యపేట, కాన్రాడ్ కార్యక్రమం, జిల్లాసగటు.

1. ఉపోద్ఘాతం:

విజయవాడనుంచి హైదరాబాదుకు వెళ్లే 65వ నంబరు జాతీయరహదారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరాన నందిగామ, దాదాపు 80 కిలోమీటర్ల దూరాన రహదారికి చేరువగా జగ్గయ్యపేట ఉన్నాయి. కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు, పెనుగంచిప్రోలు, వత్సవాయి మండలాలతో కలిసి ఇది కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలో పడమటి భాగం. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టాకు నీటిని, ఆ నీటిద్వారా మిగులును, ఆ మిగులుద్వారా ఉన్నతవిద్యను అందించింది. మెట్ట మాత్రం వర్షంమీద, మునేరుమీద, చాలాకాలం తర్వాత వచ్చిన నాగార్జునసాగర్ ఎడమకాలువ చివరి నీటిమీద ఆధారపడింది. పత్తి, మిర్చి, సుబాబుల్ సాగు, జగ్గయ్యపేట పరిసరాల సున్నపురాయి, సిమెంటు పరిశ్రమ ఇక్కడి జీవనాధారాలు.

ఈ రెండు భూభాగాలు ఒకే జిల్లాగా పరిగణనలో ఉన్నంతకాలం కృష్ణాజిల్లా అంటే విద్యావంతుల జిల్లా, వైద్యులను విదేశాలకు పంపిన జిల్లా అన్న అభిప్రాయమే స్థిరపడింది. అందులో అసత్యం లేదు. అయితే ఆ ఖ్యాతిలో మెట్ట వాటా ఎంత, ఆ వలస మిగిల్చిన ఖాళీలో మెట్ట వాటా ఎంత అన్న ప్రశ్నలు వేరు. వాటిని వేరుగా అడగనంతవరకు వలసకు, ప్రజారోగ్యానికి మధ్యగల సంబంధం బోధపడదు.

ఒక సామాజిక ఆరోగ్యకేంద్రంలో శస్త్రచికిత్సగది ఉండి, స్త్రీవైద్యనిపుణులు ఉండి, మత్తువైద్యుడు లేకపోతే సిజేరియన్ కాన్పు జరగదు. అప్పుడు వత్సవాయి మండలంలోని గర్భిణికి భవనం ఉన్నా ఆసుపత్రి లేనట్లే. ఆమె విజయవాడకో ఖమ్మానికో వెళ్లాలి. ఆ ప్రయాణానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకునే విధానం మనకు ఉందా? ఈ వ్యాసం ఆ ప్రశ్నను ఆధారంగా చేసుకొని సాగుతుంది.

2. చారిత్రక నేపథ్యం – ఏకరూప వైద్యవిద్య:

భారతీయ వైద్యవిద్యకు, విదేశీ గుర్తింపుకు మధ్య ముడి పాతది. 1930లో బ్రిటన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ వైద్యపట్టాలకు గుర్తింపును నిరాకరించింది. దేశంలో వైద్యవిద్యాప్రమాణాలను పర్యవేక్షించడానికి 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. మన వైద్యపట్టా విలువను నిర్ణయించడంలో పరదేశపు ఆమోదానికి స్థానం తొలినుంచీ ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతుంది.

1943లో ఏర్పడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ ఈ విషయంలో కీలకమైన మలుపు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమనే భావనకు భారతదేశంలో పునాది వేసిన ఈ కమిటీయే లైసెన్షియేట్ కోర్సును రద్దుచేసి, దేశమంతటా ఒకే స్థాయి వైద్యుడు ఉండాలని సిఫారసు చేసింది. కొందరు సభ్యులు దీనితో విభేదించారు. తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో తయారై చిన్న పట్టణాల్లో పనిచేసే లైసెన్షియేట్లు లేకపోతే గ్రామాలకు వైద్యులు అందరని వారి వాదన. ఒకే స్థాయి వైద్యుడన్న ఆదర్శంలో సమానత్వభావన ఉంది. గ్రామీణుడికి తక్కువరకం వైద్యం చాలన్న ధోరణిని అది తిరస్కరించింది. కానీ ఆచరణలో ఆ ఒకే పట్టా లండన్‌కూ, నందిగామకూ సమానంగా పనికివచ్చేదైంది. రెండు గమ్యాల్లో ఒకదానివైపు ఆకర్షణ ఎక్కువగా ఉన్నప్పుడు రెండవదానికోసం విధానం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు.

1948లో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడింది. అందులో చిన్న పట్టణాల్లోని, కార్మికవాడల్లోని ఖాళీలను దక్షిణాసియా వైద్యులు పెద్దసంఖ్యలో భర్తీచేశారు. 1965 నాటి వలసచట్టంతో అమెరికా ద్వారాలు తెరుచుకున్నాయి. 1975లో బ్రిటన్ భారతీయపట్టాల గుర్తింపును మళ్లీ ఉపసంహరించింది. 1976లో అమెరికా విదేశీవైద్యుల రాకమీద కొత్త నిబంధనలు విధించింది. ఈ తేదీలను వరుసగా చూస్తే ఒక విషయం గమనార్హం. స్వీకరించే దేశాలు తమ ఆరోగ్య అవసరాన్నిబట్టి ద్వారాన్ని తెరిచాయి, మూశాయి. అంటే వాటి వలసవిధానం వాటి ఆరోగ్యవిధానంలో భాగంగానే నడిచింది. 1975లో శ్రీవాస్తవ కమిటీ మన వైద్యవిద్య పాశ్చాత్యనమూనామీద ఆధారపడి దేశావసరాలకు దూరమైందని హెచ్చరించింది. అయినా పంపే దేశంగా మనకు ఆ రెండు విధానాలనూ కలిపి చూసే దృష్టి ఏర్పడలేదు.

కృష్ణాతీరంలో ఈ చరిత్రకు స్థానికరూపం ఉంది. 1946లో గుంటూరు వైద్యకళాశాల, 1980లో విజయవాడలో సిద్ధార్థ వైద్యకళాశాల ఏర్పడ్డాయి. రెండవది ఒక విద్యాసంస్థ చొరవతో ప్రైవేటుగా మొదలై తర్వాత ప్రభుత్వపరమైంది. 1986లో ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయం విజయవాడలోనే స్థాపితమైంది. ఈ విధంగా నందిగామకు 50 కిలోమీటర్ల దూరంలో రాష్ట్ర వైద్యవిద్యకే కేంద్రం ఏర్పడింది. దూరమొక్కటే కారణమైతే మెట్టలో వైద్యులకొరత ఉండకూడదు. అందువల్ల కారణాన్ని దూరంలో కాక, వైద్యుడు నడిచే మార్గాన్ని నిర్ణయించే విధానంలో వెతకాలి.

3. రెండు వాదాలు – సమానమైన లోపం:

3.1 మేధోనష్టవాదం: ప్రజాధనంతో చదివిన వైద్యుడు విదేశానికి వెళ్లడం దేశానికి నష్టమన్నది ఈ వాదం. అమెరికాకు జె-1 వీసామీద ఉన్నతశిక్షణకు వెళ్లినవారు స్వదేశానికి తిరిగిరావాల్సిన అవసరం లేదని ఇచ్చే ధ్రువపత్రాన్ని నియంత్రించాలన్న కేంద్రప్రభుత్వ ఆలోచనకు మూలం ఇదే. ఈ వాదంలోని నైతికబలాన్ని కాదనలేము. కానీ దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్‌సింగ్ సాహ్నీ కేసులోను, 1978లో మేనకాగాంధీ కేసులోను స్పష్టం చేసింది. కాబట్టి నిషేధం విధానానికి పునాది కాజాలదు. అంతకంటే ముఖ్యమైన పరిమితి మరొకటి. విదేశానికి వెళ్లని వైద్యుడు నందిగామకు వస్తాడన్న హామీ ఎక్కడా లేదు. అతడు విజయవాడలోనో హైదరాబాదులోనో స్థిరపడితే మేధోనష్టవాదం లెక్కలో నష్టం సున్నా. మెట్ట లెక్కలో నష్టం యథాతథం.

3.2 ప్రవాసలాభవాదం: వెళ్లినవారు ధనాన్ని, నైపుణ్యాన్ని తిరిగి తెస్తారన్నది దీనికి ప్రతివాదం. ఉదాహరణలు ఉన్నాయి. ప్రవాసవైద్యుల చొరవతో మంగళగిరి సమీపంలోని చినకాకానిలో వైద్యకళాశాల, ఆసుపత్రి వెలిశాయి. స్వగ్రామాల్లో ఉచిత వైద్యశిబిరాలు, పరికరాల వితరణ సర్వసాధారణం. వీటి సేవను తక్కువచేయనవసరం లేదు. అయితే పెట్టుబడిగా తిరిగివచ్చిన ధనం గుంటూరు–విజయవాడల నడుమ రహదారివెంట నిలిచింది. మెట్టకు శిబిరం వచ్చింది. శిబిరం ఒకరోజు ఉంటుంది. మధుమేహరోగికి, గర్భిణికి ఏడాది పొడవునా వైద్యుడు కావాలి.

ప్రవాసధనం ప్రభుత్వవిధానంలో ఎంతవరకు ప్రవేశించిందో చెప్పడానికి 2023 నాటి నిర్ణయం ముఖ్యమైన ఆధారం. ఇనాందార్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యాసంస్థల్లో 15 శాతం వరకు ప్రవాసభారతీయ కోటాను అనుమతించింది. 2023–24లో రాష్ట్రప్రభుత్వం ఐదు కొత్త ప్రభుత్వ వైద్యకళాశాలలను ప్రారంభించినప్పుడు వాటిలో సగం సీట్లను అధికరుసుము విభాగాల్లో చేర్చి, అందులో భాగంగా 15 శాతం సీట్లను ప్రవాసకోటాగా, సంవత్సరానికి 20 లక్షల రూపాయల రుసుముతో కేటాయించింది. ఆ ఐదింటిలో కృష్ణాజిల్లా కేంద్రమైన మచిలీపట్నం కళాశాల ఒకటి. ప్రైవేటుసంస్థలకు న్యాయస్థానం ఇచ్చిన వెసులుబాటు ఇక్కడ ప్రభుత్వకళాశాల నిర్వహణకు ఆర్థికవనరుగా మారింది. రుసుము భరించి చదివిన విద్యార్థి ఆ పెట్టుబడికి తగిన ప్రతిఫలం ఆశించడం సహజం. మెట్టలోని ఆరోగ్యకేంద్రం ఆ ప్రతిఫలాన్ని ఇవ్వలేదు. కళాశాలల సంఖ్య పెరిగినంతమాత్రాన గ్రామీణవైద్యుల సంఖ్య పెరుగుతుందన్న అంచనా ఈ కారణంగానే సందేహాస్పదం.

రెండు వాదాలకూ లెక్కించే ప్రమాణం దేశం, లేదా మహా అయితే రాష్ట్రం. ఒకటి నష్టాన్ని, రెండవది లాభాన్ని చూపినా, ఆ నష్టలాభాలు ఏ ఊరికి చేరాయో రెండూ అడగవు.

4. కొలమానం ప్రశ్న:

4.1 అంతర్జాతీయ నియమావళి: 2010 మేలో ప్రపంచ ఆరోగ్యసభ వైద్యసిబ్బంది అంతర్జాతీయనియామకాలపై స్వచ్ఛంద నియమావళిని ఆమోదించింది. సిబ్బందికొరత తీవ్రంగా ఉన్న వర్ధమానదేశాలనుంచి సంపన్నదేశాలు చొరవతీసుకొని వైద్యులను, నర్సులను నియమించుకోరాదన్నది దాని సారాంశం. దీన్ని అనుసరించి ప్రపంచ ఆరోగ్యసంస్థ రక్షణ అవసరమైన దేశాల జాబితాను ప్రకటిస్తోంది. 2020లో ఆ జాబితాలో 47, 2023లో 55 దేశాలు ఉన్నాయి. వైద్యసిబ్బంది సాంద్రతను, ఆరోగ్యసేవల విస్తృతిని దేశస్థాయిలో లెక్కించి ఈ జాబితాను తయారుచేస్తారు. దేశసగటు దృష్ట్యా భారతదేశం అందులో లేదు. ఆ నిర్ణయం తన ప్రమాణాలమేరకు సరైనదే. కానీ ముంబయి, హైదరాబాదు నగరాల వైద్యులను, వత్సవాయి మండలప్రజలను కలిపి భాగిస్తే వచ్చే అంకె వత్సవాయి గురించి ఏమీ చెప్పదు.

4.2 జాతీయ, జిల్లాస్థాయి లెక్కలు: మన ప్రమాణాల ప్రకారం 80 వేలనుంచి 1,20,000 జనాభాకు 30 పడకల సామాజిక ఆరోగ్యకేంద్రం, అందులో శస్త్రవైద్యుడు, సాధారణవైద్యనిపుణుడు, స్త్రీవైద్యనిపుణులు, పిల్లలవైద్యుడు ఉండాలి. 2021–22 గ్రామీణ ఆరోగ్యగణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్యకేంద్రాల్లో అవసరంతో పోలిస్తే నిపుణుల లోటు 79.5 శాతం. ఈ అంకె తీవ్రతను తెలుపుతుంది. కానీ లోటును రాష్ట్రాలవారీగా చూపే పట్టికనుంచి ఏ మండలానికి ఏ నిపుణుడు ఎంతకాలంగా లేడో గ్రహించలేము.

జిల్లా పునర్విభజన ఈ సమస్యను మరింత స్పష్టం చేసింది. 2022 ఏప్రిల్ 4న కృష్ణాజిల్లానుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. నందిగామ రెవెన్యూడివిజన్ కేంద్రమైంది. డెల్టాలో అధికభాగం కృష్ణాజిల్లాలో మిగిలింది. కానీ మెట్ట ఈసారి విజయవాడ నగరంతో ఒకే సగటులో చేరింది. నగరంలోని వందలాది వైద్యశాలలు, నిపుణులు ఉన్న జిల్లాలో వైద్యులనిష్పత్తి ఎప్పుడు లెక్కించినా సంతృప్తికరంగానే కనిపిస్తుంది. ఇదివరకు డెల్టా నీడలో కనబడని మెట్ట ఇప్పుడు నగరం నీడలో కనబడదు.

4.3 కాన్రాడ్ కార్యక్రమం: దీనికి భిన్నమైన కొలమానం అమెరికా విధానంలో కనిపిస్తుంది. జె-1 వీసామీద శిక్షణ పొందిన విదేశీవైద్యుడు నిబంధనల ప్రకారం రెండేళ్లు స్వదేశంలో గడపాలి. 1994లో ఉత్తర డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో దీనికి ఒక మినహాయింపు ఏర్పడింది. వైద్యులకొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పూర్తికాలం పనిచేయడానికి అంగీకరిస్తే ఆ రెండేళ్ల నిబంధన వర్తించదు. ఒక్కొక్క రాష్ట్రం ఏటా 20 మందిని సిఫారసు చేసే అవకాశం మొదట ఉండగా, 2002లో అది 30కి పెరిగింది. ఈ మార్గాన్ని వినియోగించుకున్నవారిలో భారతీయవైద్యులు గణనీయంగా ఉన్నారు.

ఇందులో ప్రత్యేకంగా పరిశీలించదగినది కొరతప్రాంతాన్ని గుర్తించే పద్ధతి. దేశాన్నిగాని రాష్ట్రాన్నిగాని ప్రమాణంగా తీసుకోకుండా, కౌంటీని, దానిలోని భాగాన్ని కూడా విడిగా పరిశీలిస్తారు. సాధారణంగా 3,500 మందికి ఒక ప్రాథమికవైద్యుడైనా లేని ప్రాంతం కొరతప్రాంతం. దారిద్ర్యం, సమీప వైద్యసౌకర్యానికి పట్టే ప్రయాణకాలం వంటి అంశాలను లెక్కించి కొరత తీవ్రతకు అంకెలు ఇస్తారు. ఈ పద్ధతిని అనుసరిస్తే నందిగామ, జగ్గయ్యపేటల ప్రాంతాన్ని విజయవాడనుంచి విడదీసి చూడక తప్పదు.

కృష్ణాతీరంలో ప్రజాధనంతో చదివిన వైద్యుడు మెట్టలో మూడేళ్లు పనిచేయడానికి విముఖుడై, అమెరికాలో ఒక మారుమూల కౌంటీలో మూడేళ్లు పనిచేయడానికి సిద్ధపడే పరిస్థితి ఈ విధంగా ఏర్పడుతోంది. దీన్ని వ్యక్తిగత ద్రోహంగా చిత్రించడం తేలిక. వాస్తవానికి అక్కడ మూడేళ్ల సేవకు స్పష్టమైన గడువు, జీతం, చివర స్థిరనివాసానికి మార్గం ఉన్నాయి. ఇక్కడ సేవకు గడువు అనిశ్చితం, బదిలీ అనిశ్చితం, ఉన్నతవిద్యావకాశం అనిశ్చితం. గ్రామీణసేవపట్ల వైద్యుడి విముఖత స్వభావసిద్ధమైనదన్న వాదనను కాన్రాడ్ అనుభవం బలహీనపరుస్తుంది.

ఆ కార్యక్రమం కూడా విమర్శకు అతీతం కాదు. అమెరికా తన గ్రామీణకొరతను ఇతరదేశాల విద్యావ్యయంతో తీర్చుకుంటోంది. వీసాకు కట్టుబడిన వైద్యుడు పనిచేసేచోట అన్యాయం జరిగినా ప్రశ్నించే స్థితిలో ఉండడం కష్టం. గడువు ముగిశాక ఆ ప్రాంతంలోనే కొనసాగాలన్న నిర్బంధమూ లేదు. కాబట్టి అనుకరించదగినది వీసాపద్ధతి కాదు. కొరతను చిన్నప్రాంతం స్థాయిలో గుర్తించి, దానికి ప్రతిఫలాన్ని జోడించిన తర్కం మాత్రమే.

5. గరికపాడు అనుభవం:

చిన్నస్థాయిలో లెక్కించే సామర్థ్యం మన ప్రభుత్వయంత్రాంగానికి లేదనుకోవడం పొరపాటు. 2020 మార్చి 12న నెల్లూరులో ఇటలీనుంచి వచ్చిన విద్యార్థికి కోవిడ్ నిర్ధారణ అయింది. రాష్ట్రంలో అది మొదటి కేసు. వెంటనే 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద నిబంధనలు వెలువడ్డాయి. గ్రామ, వార్డు వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి విదేశాలనుంచి వచ్చినవారి వివరాలు సేకరించారు. వలస వెళ్లిన వ్యక్తి వ్యాధివాహకుడు కావచ్చునన్న అనుమానం కలిగినప్పుడు విధానం గ్రామస్థాయి గణనను కొద్దిరోజుల్లో చేయగలిగింది. వలసవల్ల ఏర్పడిన వైద్యులకొరతను అదే స్థాయిలో గణించే ఏర్పాటు మాత్రం విధానంలో భాగం కాలేదు.

అదే నెల చివరివారంలో హైదరాబాదు వసతిగృహాలనుంచి స్వస్థలాలకు బయలుదేరినవారు జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు తనిఖీకేంద్రంవద్ద పెద్దసంఖ్యలో నిలిచిపోయారు. 14 రోజుల క్వారంటైన్‌కు అంగీకరించనిదే ప్రవేశం లేదన్నది నాటి నిబంధన. 2021 మేలో పరిస్థితి తిరగబడింది. ఆంధ్రప్రదేశ్‌నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వెళ్లే రోగుల అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపారు. ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ఉత్తర్వుపై తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చింది.

ఈ రెండు ఘటనలను సాధారణంగా రాష్ట్రాలమధ్య వివాదంగా చదువుతారు. వైద్యవలస దృష్ట్యా చూస్తే వీటికి మరో అర్థం ఉంది. నిపుణుడు ముందుగా మహానగరానికో విదేశానికో వెళ్తాడు. రోగి ఆ నిపుణుడి వెనుక ప్రయాణిస్తాడు. విదేశానికి వెళ్లినవాణ్ని చేరుకోలేడు కాబట్టి హైదరాబాదులో మిగిలినవాడి దగ్గరకు వెళ్తాడు. రహదారి తెరిచి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు వైద్యసౌకర్యంలా కనిపిస్తుంది. తనిఖీకేంద్రం మూసుకున్నరోజు అది కొరతగా బయటపడుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్సవ్యయాన్ని భరించి ఎందరో పేదలను ఆదుకుంది. కానీ రోగి ప్రయాణాన్ని అది తగ్గించలేదు. వైద్యుణ్ని మెట్టకు తేలేని విధానం రోగిని మెట్టనుంచి తరలించడానికి నిధులు సమకూర్చింది.

6. నిర్బంధం, ప్రోత్సాహం:

ఉన్నతవైద్యవిద్య పూర్తిచేసినవారు నిర్దిష్టకాలం ప్రభుత్వసేవ చేయాలని రాష్ట్రాలు విధించిన బాండ్లను సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో సమర్థించింది. చట్టబద్ధత తేలినా ఫలసిద్ధి వేరే విషయం. ఏ ప్రాంతంలో ఏ నిపుణుడి కొరత ఉన్నదో తెలియకుండా చేసే నియామకం ఖాళీని కాగితంమీద పూరిస్తుంది. మత్తువైద్యుడు లేనిచోటికి వచ్చిన శస్త్రవైద్యుడు చేయగలిగింది స్వల్పం.

ప్రోత్సాహాల్లో మన రాష్ట్రంలో పూర్వంనుంచీ ఉన్నది సర్వీసుకోటా. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాల్లో పనిచేసినవారికి ఉన్నతవిద్యలో కొన్ని సీట్లు కేటాయించే ఈ పద్ధతి, గ్రామంలో గడిపిన కాలానికి విలువ కట్టిన అరుదైన ఏర్పాటు. ఇటువంటి కోటా కల్పించే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో ప్రకటించింది. అయినా 2024లో రాష్ట్రంలో ఈ కోటాను తగ్గించడంతో ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులు ఆందోళనకు దిగారు. గ్రామీణసేవనుంచి నిపుణవిద్యకు ఉన్న మార్గం ఇరుకైతే విదేశానికి ఉన్న మార్గం సాపేక్షంగా విశాలమవుతుంది. వలసవిధానం గురించి ఒక్క మాట కూడా లేని ఉత్తర్వు కూడా ఈ విధంగా వలసను ప్రభావితం చేస్తుంది.

2021నుంచి ఉన్నతవైద్యవిద్యార్థులు మూడునెలలు జిల్లాస్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. దీన్ని మెట్టలోని ఆసుపత్రులకు విస్తరించి, నిపుణులను బృందంగా పంపితే శస్త్రచికిత్సగదులు పనిచేస్తాయి. ప్రవాసవైద్యుల సహకారాన్ని ఒకరోజు శిబిరాలనుంచి ఆ బృందాలకు నిరంతర బోధనగా, దూరవైద్యసలహాగా మళ్లించవచ్చు.

7. ముగింపు:

పై పరిశీలననుంచి తేలిన అంశాలు ఇవి.

1. వైద్యుల విదేశీవలస, దేశీయ ప్రజారోగ్యం వేర్వేరు విధానాలుగా నడవడంవల్ల స్వీకరించే దేశాలు తమ ఆరోగ్య అవసరాన్నిబట్టి వలసను మలచుకున్నాయి. పంపే ప్రాంతానికి ఆ అవకాశం కలగలేదు.

2. మేధోనష్టవాదం, ప్రవాసలాభవాదం రెండూ దేశసగటుకు పరిమితమై, మెట్టవంటి ప్రాంతాలమీద పడే భారాన్ని చూపలేకపోతున్నాయి.

3. జిల్లాసగటు కూడా విశ్వసనీయమైన ప్రమాణం కాదు. ఎన్టీఆర్ జిల్లాలో విజయవాడ నగరాన్ని మినహాయించి మండలాలవారీగా వైద్యుల కొరతను, ప్రయాణకాలాన్ని లెక్కించి ఏటా ప్రకటించాలి.

4. వైద్యుడి సేవాకాలానికి, సర్వీసుకోటాకు, ఉన్నతవిద్యకు ఆ లెక్కను జోడించాలి. కొరత ఎక్కువగా ఉన్నచోట చేసిన సేవకు విలువ ఎక్కువ ఉండాలి.

వైద్యుణ్ని ఆపడం, నిందించడం విధానం పని కాదు. అతడు వెళ్లడంవల్ల ఎవరు ఎంతదూరం నడవాల్సివస్తున్నదో తెలుసుకోవడం దాని పని. మెట్టప్రాంతపు గర్భిణి చేసే 80 కిలోమీటర్ల ప్రయాణం ఏ పట్టికలోనూ లేనంతకాలం అంతర్జాతీయవలసపై మనం చేసే చర్చలో ఆమెకు చోటు ఉండదు. పరిశోధకులు మండలస్థాయి అధ్యయనాలకు పూనుకోవడం ఈ దిశలో మొదటి అడుగు.